రెక్స్ గారి పదవీ విరమణ

అర్థం తెలియకుండా చదివిన స్తోత్రం దేవుడికి చేరుతుందా, చేరదా? ఈ సందేహం ముక్తేశ్వరరావుకి పెళ్లి కాకముందే పుట్టింది. ఇప్పుడాయన తల నెరిసింది గానీ సందేహం మాత్రం అలాగే నల్లగా, నిగనిగలాడుతూ ఉంది.

పొద్దున్నే స్నానం చేసి, విభూతి పెట్టుకుని పీట మీద కూర్చుంటే చాలు, గుక్క తిప్పుకోకుండా చదివేస్తాడు. ఒక్క అక్షరం పొల్లుపోదు. అందులో ఏముందని అడిగితే మాత్రం చెప్పలేడు. ఒకసారి గుడిలో పూజారి గారిని అడిగాడు.

"చదివేటప్పుడు మనసు ఎక్కడుంటుందండీ?" అన్నారాయన.

"తర్వాతి మాట మర్చిపోతానేమోనన్న భయం మీద ఉంటుందండి."

"భయం, భక్తి పక్కపక్క ఇళ్లేలెండి" అని పూజారి గారు హారతి పళ్లెం ముందుకు జరిపారు.

భార్య భ్రమరాంబని అడిగితే ఆవిడ పప్పు మెదుపుతూ, "ఆయనకి అర్థమైతే చాలదుటండీ? మధ్యలో మీకెందుకు?" అంది.

ఇంత మంచి సమాధానం విన్నాక ఎవరైనా ఊరుకుంటారు. ముక్తేశ్వరరావు ఊరుకోలేకపోవడానికి కారణం, ఆఫీసులో కూడా ఆయన చేసే పని అదే.

ఆయన కాకినాడలో రేవుల మండలిలో గుమాస్తా. గోదావరి పాయల మీద జనాన్ని పడవల్లోనూ, బల్లకట్టులాంటి పంట్ల మీదా దాటించే రోజుల్లో పుట్టిన మండలి అది. తర్వాత ఒక్కో రేవు దగ్గరా ఒక్కో వంతెన లేచింది. రేవులు పోయాయి, పంట్లు తుప్పు పట్టాయి, వాటిని నడిపిన సరంగులు రిటైరయ్యారు. మండలి మాత్రం చెక్కు చెదరలేదు. డైరెక్టరు, పరిపాలన చూసే ఏవో, సెక్షన్లు, కారు, కారుకి డ్రైవరు అన్నీ ఉన్నాయి. పనే ఒక్కటి మిగిలింది. రిటైరైన సరంగులకి, వాళ్లు పోతే వాళ్ల భార్యలకి, ప్రతి నెలా ఒకటో తారీఖున పింఛను పంపడం. ఆ పని కూడా మండలి చెయ్యదు, మెయిన్‌ఫ్రేమ్ చేస్తుంది.

మెయిన్‌ఫ్రేమ్ అంటే ఏసీ గదిలో రెండు బీరువాలంత చోటు ఆక్రమించుకుని కూర్చున్న పాత కంప్యూటరు. అందులో పింఛన్ల పని కోసం తాయారమ్మ గారనే ఉద్యోగిని రెక్స్ అనే భాషలో ఒక స్క్రిప్టు రాసి పెట్టారు. స్క్రిప్టంటే కొమ్ములున్న వస్తువేం కాదు. ముందు ఫలానా ఫైలు తెరువు, తర్వాత ఫలానా లెక్క కట్టు, ఆ పైన బ్యాంకుకి పంపు అని, పెళ్లి వంటవాడికి ఉదయం ఉప్మా నుంచి రాత్రి తాంబూలం దాకా పురమాయించినట్టు, యంత్రానికి వరసగా చెప్పి పెట్టడం. ఆవిడ రిటైరయ్యాక ఆ బాధ్యత ముక్తేశ్వరరావు మీద పడింది. నెలాఖరున చెప్పులు బయట విడిచి, గదిలోకి వెళ్లి, తెర ముందు కూర్చుని, ఆవిడ నేర్పిన మాటలు వరసగా కొడతాడు. ఒక్కదానికీ అర్థం తెలీదు. యంత్రం మాత్రం సరేనన్నట్టు చిన్న ఆకుపచ్చ దీపం వెలిగించి పనిలోకి దిగుతుంది.

'యంత్రమే వింటోంది, దేవుడు వినడా?' అని ఆయనకి అప్పుడప్పుడు ధైర్యం వచ్చేది. 'దేవుణ్ణి యంత్రంతో పోల్చానే!' అని వెంటనే చెంపలు వేసుకునేవాడు.

ఆ తాయారమ్మ గారికి మండలి ఒక శాలువా బాకీ. రిటైరైన ప్రతివాళ్లకీ శాలువా కప్పాలని నియమం. ఆవిడ వీడ్కోలు సభ రోజున అప్పటి డైరెక్టరు కాంపుకి వెళ్తూ బీరువా తాళం కూడా పట్టుకెళ్లిపోయారు. దండ వేశారు, లడ్డూ కారప్పూసా పెట్టారు, పొగిడారు. కప్పడానికి ఏమీ లేకపోయింది. ఫొటో కోసం ముక్తేశ్వరరావు రెండు చేతులూ ఆవిడ భుజాల మీదుగా గాలిలో తిప్పి, కప్పినట్టు నటించాడు.

"రేపు ఇంటికి తెచ్చిస్తానమ్మా" అన్నాడు.

"తొందరేముందయ్యా, ఎండాకాలమేగా" అన్నారావిడ.

మర్నాటికి ఆర్థిక సంవత్సరం మారిపోయింది. శాలువా పద్దు మురిగిపోయింది. ఆ తర్వాత ఎన్నో చలికాలాలు వచ్చి వెళ్లాయి.

ఇలా ఉండగా మండలి మీదకి ఆడిట్ వచ్చింది. కొన్నేళ్ల క్రితం కొందరు ఉద్యోగుల్ని హైదరాబాదు పంపి డెస్క్‌టాప్ కంప్యూటర్ల కోసం ఒక భాష నేర్పించారు. వాళ్లు నేర్చుకుని రైలు దిగేసరికి ఆ భాషని లోకంలో వాడటం మానేశారు. ఆడిట్ వారు ఒకటే ప్రశ్న రాశారు: 'సదరు భాష మరణించబోవుచున్నదని ముందుగా ఏల గుర్తింపబడలేదు?'

సరిగ్గా అదే వారం పైనుంచి ఇంకో ఉత్తర్వు దిగింది. రాష్ట్రంలో ప్రతి ఉద్యోగీ మెయిన్‌ఫ్రేమ్‌కీ డెస్క్‌టాప్‌కీ పనికొచ్చే స్క్రిప్టింగ్ భాష ఒకటి తప్పనిసరిగా నేర్చుకోవాలట.

నేర్పితే ఆడిట్, నేర్పకపోతే ప్రభుత్వం. డైరెక్టరు ఉమాపతి గారు మధ్యేమార్గంగా కమిటీ వేశారు. అధ్యక్షుడు తనే. సభ్య కార్యదర్శి ఏవో దానియేలు గారు. ఆయన నియమావళి మొత్తం పుస్తకం తెరవకుండా చెప్పగలరు. తెరిచి చూస్తే వేరేగా ఉంటుందన్న అనుమానం ఎవరికీ రాలేదు. యంత్రం గదిలోకి చెప్పులు విప్పి వెళ్లే అలవాటున్నవాడు కాబట్టి ముక్తేశ్వరరావుని సాంకేతిక సభ్యుడిగా వేశారు.

మొదటి సమావేశంలో డైరెక్టరు గారు గొంతు సవరించుకున్నారు. "మన ముందున్న భాషలు మూడు. రెక్స్, పెర్ల్, పైథాన్. వీటిలో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకున్నది, నేర్చుకున్న ఉద్యోగి రిటైరయ్యేదాకా బతికుండాలి. మధ్యలో పోతే ఆడిట్‌కి నేను జవాబు చెప్పలేను."

"ఏ భాషతో మన పని అవుతుందో చూస్తే సరిపోదుటండీ?" అన్నాడు ముక్తేశ్వరరావు మెల్లగా.

దానియేలు గారు కళ్లజోడు పైనుంచి చూశారు. "పని సంగతి మన కమిటీ పరిధిలో లేదండి."

"మరి బతికుందో లేదో ఎలా తెలుస్తుందోయ్?" అన్నారు డైరెక్టరు గారు.

"కొత్తగా కనిపెట్టక్కర్లేదండి" అన్నారు దానియేలు గారు. "పింఛనుదారు బతికున్నాడని మనకెలా తెలుస్తుంది? నవంబరులో స్వయంగా హాజరై జీవన ధ్రువపత్రం ఇస్తాడు. భాషలూ అలాగే ఇవ్వాలి. స్వయముగా హాజరు కానిచో జీవించియున్నట్లు పరిగణింపబడదు."

డైరెక్టరు గారి ముఖం వికసించింది. "నవంబరే కదా ఇది!"

మూడు భాషలకీ నోటీసులు తయారయ్యాయి. చిరునామా ఎక్కడని తపాలా సెక్షను అడిగింది. 'కేరాఫ్ కంప్యూటరు' అని రాశారు.

హాజరు రోజున ముందు యంత్రం గదికి వెళ్లారు. పెద్ద వయసు, కదలలేని స్థితి కాబట్టి రెక్స్‌కి ఇంటి దగ్గరే పరిశీలన మంజూరు చేశారు. దానియేలు గారు యంత్రం వైపు వంగి, "తమరు జీవించియున్నారా?" అని అడిగారు. జవాబు రాలేదు.

"కాస్త గట్టిగా అడగవయ్యా, పెద్దాయన" అన్నారు డైరెక్టరు గారు.

ముక్తేశ్వరరావు తాయారమ్మ గారు నేర్పిన రెండు మాటలు కొట్టాడు. తెర మీద ఆకుపచ్చ అక్షరాల్లో 'రెడీ' అని వచ్చింది. డైరెక్టరు గారు సంతోషించి పత్రం మీద సంతకం చేశారు. వేలిముద్ర గడి ఖాళీగా ఉండటం దానియేలు గారికి నచ్చలేదు. ఎంటర్ మీట మీద సిరా పూసి, దాని మీద కాగితం పెట్టి ఒత్తారు.

పైథాన్ డైరెక్టరు గారి బల్ల మీద డెస్క్‌టాప్‌లో దొరికింది. హుషారుగా జవాబిచ్చింది. పెర్ల్ ఏ కంప్యూటరులోనూ దొరకలేదు. ఎవరో ఎప్పుడో తీసేసినట్టున్నారు. నోటీసుని గది తలుపుకి అంటించి ఎదురుచూశారు. అయినా రాలేదు.

"ఇక పోయినట్టే రాసేద్దామా?" అన్నారు డైరెక్టరు గారు.

"అలా కుదరదండి. ఆచూకీ తెలియనివాళ్లని పోయారనుకోవాలంటే ఏడేళ్లు ఆగాలి" అన్నారు దానియేలు గారు. పెర్ల్ ఫైలు ఏడేళ్లకి కట్టి అటకెక్కించారు.

మిగిలిన రెండింటికీ పుట్టిన తేదీలు విచారించారు. పైథాన్ కుర్రదేమో అనుకుంటే ముప్ఫై దాటేసిందని తేలింది. ఉద్యోగంలో కొత్తగా చేరడానికి వయోపరిమితి మించిపోయింది. సడలింపు కోరుతూ ఫైలు సచివాలయానికి వెళ్లింది. వెళ్లిన ఫైళ్లు అక్కడే కాపురం పెడతాయని అందరికీ తెలుసు.

ఇక రెక్స్ ఒక్కటే మిగిలింది. బతికుంది, మెయిన్‌ఫ్రేమ్ మీద నడుస్తోంది, కావాలంటే డెస్క్‌టాప్ మీదా నడుస్తుంది. ముక్తేశ్వరరావు లోపల్లోపల ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకున్నాడు. అప్పుడే దానియేలు గారు వేళ్లు మడిచి లెక్క పెట్టడం ఆపారు.

"సార్, కొంప మునిగింది. ఈయనకి పూర్తి సర్వీసు ఎప్పుడో నిండిపోయింది. ఇన్నాళ్లూ అదనంగా పనిచేయించేశాం!"

డైరెక్టరు గారి చెయ్యి గుండె మీదకి వెళ్లింది. "ఆడిట్ చూసిందా?"

"ఇంకా లేదండి."

"ఈ నెలలోనే రిటైర్ చేసెయ్యండి. గౌరవంగా."

"మరి ఒకటో తారీఖు పింఛన్లు ఎలాగండీ?" అన్నాడు ముక్తేశ్వరరావు.

"అజెండాలో ఉందా?" అన్నారు డైరెక్టరు గారు.

"లేదండి" అన్నారు దానియేలు గారు.

ఇంటికొచ్చి సంగతి చెబితే భ్రమరాంబ చారు వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. "భాషని రిటైర్ చెయ్యడమేవిటండీ? రేపు మనింట్లో తెలుగుకి కూడా చేస్తారా?"

"నీకు నవ్వులాటగా ఉంది. పింఛన్లు ఆగితే ఆ ముసలాళ్లు ఏం తింటారు?"

"ఆ మాట అక్కడ గట్టిగా అనాల్సింది."

"మెల్లగా అన్నాను."

"మెల్లగా అంటే దేవుడికి వినపడుతుందేమో గానీ డైరెక్టరుకి వినపడదు" అంది ఆవిడ.

వీడ్కోలు సభ ఘనంగా జరిగింది. యంత్రానికి బొట్టు పెట్టి బంతిపూల దండ వేశారు. డైరెక్టరు గారు మైకు అందుకున్నారు. "రెక్స్ గారు మితభాషి. అడిగినదానికే జవాబిచ్చేవారు. ఏనాడూ పదోన్నతి కోరలేదు, బదిలీకి సిఫార్సు పట్టుకురాలేదు, కనీసం ఒక్కరోజు సెలవు పెట్టలేదు. ఇలాంటి ఉద్యోగిని నేను నా సర్వీసులో చూడలేదు." చివరి మాట మాత్రం నిజమే. రెక్స్ గారి శేషజీవితం ఆయురారోగ్యాలతో గడవాలని ఆకాంక్షించి అందరూ చప్పట్లు కొట్టారు.

శాలువా కప్పే పని ముక్తేశ్వరరావుకి ఇచ్చారు. ముదురు ఎరుపు, జరీ అంచు, చేతిలోకి తీసుకుంటే వెచ్చగా ఉంది. ఒకప్పుడు గాలిలో తిప్పిన చేతులు అవి. ఆ బరువు చేతులకి కొత్తగా అనిపించింది. యంత్రం మీద కప్పి వెనక్కి జరిగాడు. గాలి ఆడే కంతలు మూసుకుపోయి కాసేపటికి ఎర్రదీపం వెలిగింది.

"చూశారా, పాపం కళ్లు ఎర్రబడ్డాయి" అన్నారు డైరెక్టరు గారు, తనే కళ్లొత్తుకుంటూ. అందరూ భోజనాలకి వెళ్లాక ముక్తేశ్వరరావు శాలువాని కాస్త పక్కకి లాగి వచ్చాడు.

అంతటితో అయిపోలేదు. రిటైరైనవారి పేరు బోర్డుల మీదా ఫైళ్ల మీదా ఉండకూడదని దానియేలు గారు గుర్తుచేశారు. పింఛన్ల స్క్రిప్టుకి మొట్టమొదటి పంక్తిలో రెక్స్ అని పేరుంది.

"అది తియ్యకూడదేమోనండి. దేన్ని ముట్టుకున్నా పై పంక్తి ముట్టుకోవద్దని తాయారమ్మ గారు చెప్పారు. మనం కాగితం మీద శ్రీకారం చుట్టమాండీ, అలాంటిది" అన్నాడు ముక్తేశ్వరరావు.

"నాకు ముందు పనిచేసిన ఏవో గారి పేరు నా తలుపు మీద ఉంటే నేను ఊరుకున్నానా?"

"ఊరుకోలేదండి. చేరిన రోజే పీకించారు."

"మరి?"

రాతపూర్వకంగా ఆర్డరు వచ్చింది. తీసేశాడు.

నెలాఖరు రోజున స్నానం చేసి, స్తోత్రం రెండుసార్లు చదివి, ఆఫీసుకి వచ్చాడు. గేటు దగ్గర సరంగు సింహాద్రి బీడీ ముట్టించుకుని కూర్చున్నాడు. యానాం పాయలో పంటు నడిపిన మనిషి.

"ఏటండి గుమాస్తా గారూ, మిసను రిటైరైపోనాదంట?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఊరంతా అనుకుంతన్నారు. దండేసి పీటలెక్కించారంట కదా. మా ఇంజను ఆగిపోతే మేం తెడ్డేసి అవతలొడ్డుకి సేర్చేవోళ్లం బాబూ. తవరు దేనితో ఏత్తారు?"

"నువ్వు కంగారు పడకు."

"నాకేటి కంగారు. మా ఆడదానికి ఎల్లుండి కంటి ఆపరేసను. డబ్బు కట్టకపోతే మళ్లీ సంకురాత్రెల్లాకే అన్నాడు డాకటరు. దానికి కంగారు. నా మొగం కూడా సరిగా ఆనట్లేదంటాది, అదొక్కటే దాని అదృష్టం" అని నవ్వాడు.

ముక్తేశ్వరరావు నవ్వలేకపోయాడు. యంత్రం ముందు కూర్చుని మాటలన్నీ వరసగా కొట్టాడు. ఆకుపచ్చ దీపం వెలగలేదు. తెర మీద ఏదో ఇంగ్లీషులో విసుక్కుంది. మళ్లీ కొట్టాడు. మళ్లీ విసుక్కుంది. ఫోను తీసి తాయారమ్మ గారికి చేశాడు.

"పైనున్న పేరు తీసేశారా?" అన్నారావిడ, అంతా విని.

"తీయించారమ్మా."

"ఇంకెలా పలుకుతుందయ్యా? మొదటి పంక్తిలో పేరు చూస్తేనే అది తన పనని ఆ యంత్రానికి తెలుస్తుంది. లేకపోతే ఇంకెవరి సంగతో అనుకుంటుంది. పేరు పెట్టి పిలిస్తే కదా ఎవరైనా తిరిగి చూసేది."

ముక్తేశ్వరరావు పొద్దున రెండుసార్లు చదివిన స్తోత్రం తలుచుకున్నాడు. మొదటి నుంచి చివరిదాకా పేర్లే.

"అమ్మా, ఆ పేరుకి అర్థం ఏమిటో తెలియాలాండీ?"

"దేనికయ్యా? నీ పేరుకి అర్థం తెలుసుకునే మీ ఆవిడ నిన్ను పిలుస్తోందా?"

పేరు తిరిగి పెట్టడం ఒక్క నిమిషం పని. కానీ తీసెయ్యమన్న ఆర్డరు చేతిలో ఉంది. ఆర్డరు మీరి ఎరగడు ఆయన. తిన్నగా డైరెక్టరు గారి గదికి వెళ్లాడు. దానియేలు గారూ అక్కడే ఉన్నారు. ఉమాపతి గారు కూడా జనవరిలో రిటైరవుతున్నారు. సలహాదారుగా తిరిగి తీసుకోమని అప్పటికే పైకి అర్జీ పెట్టుకున్నారని ఆఫీసంతా తెలుసు.

ముక్తేశ్వరరావు చేతులు కట్టుకుని, ఈసారి కాస్త గట్టిగానే అడిగాడు. "సార్, ఒక సందేహమండి. ఒకసారి శాలువా కప్పేశాక ఇక వాళ్లతో పని చేయించుకోకూడదని ఆర్డరు వేశాం కదండీ. ఇది ఒక్క రెక్స్ గారికేనా, ఇకమీదట అందరికీనా?"

"అందరికీ. సదరు ఉత్తర్వు పూర్వ నిదర్శనంగా పనిచేస్తుందండి" అన్నారు దానియేలు గారు గర్వంగా.

డైరెక్టరు గారు తాగుతున్న టీ కప్పు పక్కకి నెట్టేశారు.

"అందరికీ ఏవిటయ్యా, అందరికీ! అనుభవం రిటైరవుతుందా? ఇన్నేళ్ల విజ్ఞతని తీసుకెళ్లి సముద్రంలో కలుపుతామా? రాయండి! రెక్స్ గారిని తదుపరి ఉత్తర్వుల వరకు గౌరవ సలహాదారుగా నియమించడమైనది. పేరు బోర్డుల మీదా ఫైళ్ల మీదా యథాతథంగా పునరుద్ధరించవలెను."

దానియేలు గారు రాశారు.

"సలహాదారుకి ఏసీ గది. రాశారా? కారు. ఒక అటెండరు. వారానికి రెండు రోజులు వస్తే చాలు."

"రెక్స్ గారు గదిలోంచి కదలరు కదండీ, కారు ఎందుకండీ?" అన్నాడు ముక్తేశ్వరరావు.

"పదవికి ఇస్తాం గానీ మనిషికి ఇస్తామా? రాయండి దానియేలు గారూ, కారు. ఏసీ కారు."

సంతకం తడి ఆరకముందే ముక్తేశ్వరరావు యంత్రం గదిలో ఉన్నాడు. ఈ కంగారులో కూడా చెప్పులు విడవడం మరవలేదు. మొదటి పంక్తిలో పేరు కొట్టాడు. కళ్లు మూసుకుని మిగతావి కొట్టాడు. తెరిచేసరికి ఆకుపచ్చ దీపం. బ్యాంకుకి జాబితాలు బయల్దేరాయి. బయటికి వచ్చి గేటు వైపు చెయ్యి ఊపితే సింహాద్రి లేచి నిలబడి, అవతలి ఒడ్డుకి వినిపించేటట్టు, "ఎల్లిపోనాదాండీ?" అని అరిచాడు.

"వెళ్లిపోయింది!" అని ఈయనా అరిచాడు. ఆఫీసులో ఆయన గొంతు అంత పెద్దదని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

భాషల సంగతి అంటారా? పెర్ల్ దొరికాక, పైథాన్‌కి సడలింపు వచ్చాక, రెక్స్ గారు మళ్లీ రిటైరయ్యాక ముగ్గురినీ కలిపి పరిశీలించాలని కమిటీ తీర్మానించింది. అప్పటిదాకా ఎవరూ ఏదీ నేర్చుకోనక్కర్లేదు. ఆడిట్ వారు సంతృప్తి వ్యక్తం చేశారు. యంత్రం గది బయట ఒక కారు ఎవరూ ఎక్కకుండా నిలబడి ఉంటోంది.

పింఛన్లు వెళ్లిన మర్నాడు దానియేలు గారికి ఒక చిక్కు వచ్చింది. "సార్, రెక్స్ గారు తిరిగి చేరారు కాబట్టి వీడ్కోలు శాలువా ఆయన దగ్గర ఉండకూడదండి. మళ్లీ రిటైరైనప్పుడు మళ్లీ కప్పాలి. ఒకరికి రెండు శాలువాలంటే ఆడిట్ ఒప్పుకోదు. పోనీ స్టోరులోకి వెనక్కి తీసుకుందామంటే, ఒకసారి కప్పినది మనం తీసుకోకూడదు. దగ్గరి బంధువుకి అప్పగించి రసీదు తీసుకోవాలి."

"రెక్స్ గారికి బంధువులెవరయ్యా?" అన్నారు డైరెక్టరు గారు.

"మన స్క్రిప్టుని రాసి, పెంచి, ఇంతదాన్ని చేసిన తల్లి ఉన్నారండి. సూర్యారావుపేటలో" అన్నాడు ముక్తేశ్వరరావు.

"తల్లిని మించిన బంధువు ఎవరు? ఇచ్చేసి రండి."

ఆ సాయంత్రం తాయారమ్మ గారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. డిసెంబరు చలి అప్పుడప్పుడే మొదలవుతోంది. సంచీలోంచి శాలువా బయటికి తీసేసరికి ఆవిడ కళ్లజోడు సవరించుకుని చూశారు. అంచు మీద కాస్త కుంకుమ, ఒక బంతిపూరేకు అంటుకుని ఉన్నాయి.

"ఇదేనా రేపు తెచ్చిస్తానన్నది?"

"ఇదేనండి" అన్నాడు ముక్తేశ్వరరావు తల వంచుకుని.

"చలికాలం చూసుకుని తెచ్చావు, మంచిదే. రెక్స్ ఎలా ఉన్నాడు?"

"కారు ఇచ్చారండి."

ఆవిడ ఒళ్లో చిక్కుడుకాయలు దొర్లిపోయేటంతగా నవ్వారు. నవ్వు ఆగాక, "ఇప్పటికైనా ఆ మాటలకి అర్థం నేర్చుకుంటావా?" అన్నారు.

"నేర్పితే నేర్చుకుంటానండి. అర్థం తెలీకపోయినా పలుకుతాడని తేలిపోయింది కదండీ, ఇక తీరిగ్గా నేర్చుకోవచ్చు."

శాలువా మడత విప్పి, ఆవిడ వెనక్కి వెళ్లి, రెండు చేతులూ భుజాల మీదుగా తెచ్చి కప్పాడు. ఆవిడ రెండంచులూ దగ్గరికి లాక్కుని, ఒకసారి అటూ ఇటూ కదిలి చూసుకున్నారు.

"అప్పటిదానికంటే ఇది బరువుగా ఉందయ్యా" అన్నారు.